పౌండుకో బీథోవెన్

ఇంగ్లండులో ఏ ఊరి హై స్ట్రీట్‌లో నడిచినా రెండు మూడు ఛారిటీ షాపులు తగులుతాయి. ఆక్స్‌ఫామ్ ఒకటి, బ్రిటిష్ హార్ట్ ఫౌండేషన్ ఒకటి, ఆ ఊరి హాస్పిస్ వాళ్ళది ఇంకొకటి. లోపలికి వెళ్తే ముందు కోట్లు, స్వెట్టర్లు. ఆ వెనక పింగాణీ కప్పులు, ముక్కలన్నీ ఉన్నాయో లేవో ఎవరూ పూచీ ఇవ్వని జిగ్‌సా పజిళ్ళు. గోడవారగా పుస్తకాలు. పుస్తకాల కింద, నేల మీద చతికిలబడితే తప్ప కనిపించని అరలో సీడీలు. అందులో మళ్ళీ ఓ మూరెడు జాగాకి ‘క్లాసికల్’ అని చీటీ అంటించి ఉంటుంది. ఒక్కోటి పౌండు, మహా అయితే రెండు.

ఆ దేశంలో ఉద్యోగం చేసిన నాలుగేళ్ళలో నా శనివారాలు చాలావరకూ ఆ మూరెడు జాగా ముందే గడిచాయి. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నాకెవరూ నేర్పలేదు. ఇంజనీరింగ్ హాస్టల్లో ఎవరిదో పెన్ డ్రైవ్‌లో దొరికిన ఒక సింఫనీతో మొదలైంది. మిగతాదంతా ఆ అరల్లో వెతుక్కుని నేర్చుకున్నదే. అయితే ఇక్కడ చెప్పాలనుకున్నది నా అభిరుచి గురించి కాదు. ఆ అర ముందు కొన్నాళ్ళు కూర్చుంటే ఒక సంగతి తెలుస్తుంది. పైకి చిందరవందరగా కనిపిస్తుంది గానీ, 1983 నుంచి ఓ పాతికేళ్ళ పాటు ఒక దేశపు మధ్యతరగతి ఏం కొన్నది, ఏం విన్నది, ఏం కొని వినకుండా వదిలేసింది అన్నదానికి అదొక చిట్టా. ఎవరూ పనిగట్టుకుని రాసింది కాదు. అలాంటి చిట్టా ఇకముందు తయారయ్యేలా కూడా లేదు.

కరువు పేరు మీద కొట్టు

ముందు ఆ కొట్ల సంగతి. 1942లో గ్రీసు జర్మన్ల ఆక్రమణలో ఉంది. మిత్రరాజ్యాల నౌకాదళం సముద్రాన్ని దిగ్బంధం చేయడంతో అక్కడికి తిండిగింజలు చేరడం లేదు. జనం ఆకలితో చచ్చిపోతున్నారు. సొంత ప్రభుత్వం పెట్టిన దిగ్బంధాన్ని కాస్త సడలించి ఆహారం పంపనివ్వాలని అడగడానికి ఆక్స్‌ఫర్డ్‌లో కొంతమంది ఒక కమిటీ పెట్టుకున్నారు. అందులో క్వేకర్లున్నారు, మతాధికారులున్నారు, గ్రీకు నాటకాలని ఇంగ్లీషులోకి అనువదించిన గిల్బర్ట్ మరే ఉన్నాడు. ‘ఆక్స్‌ఫర్డ్ కమిటీ ఫర్ ఫామిన్ రిలీఫ్’ అన్న ఆ పొడుగు పేరే కుదించుకుపోయి ఆక్స్‌ఫామ్ అయింది.

యుద్ధం అయిపోయాక కూడా కమిటీ మూతపడలేదు. 1940ల చివర్లో ఆక్స్‌ఫర్డ్ బ్రాడ్ స్ట్రీట్‌లో జనం ఇచ్చిన వస్తువులు అమ్మడానికి ఒక కొట్టు తెరిచారు. అదింకా అక్కడే ఉంది. 1951లో బిహార్ కరువుకి డబ్బు పంపింది కూడా ఈ సంస్థే. అంటే ఇంగ్లండులో ఎవరో ఇచ్చేసిన పాత టీ కెటిల్‌కీ బిహార్‌లో గంజికీ మధ్య ఒక దారి అప్పటికే పడిందన్నమాట.

ఇప్పుడు బ్రిటన్ మొత్తం మీద ఇలాంటి కొట్లు దాదాపు పదివేలు. అవి బతకడానికి కారణాలు చాలా మామూలువి. సరుకు ఊరికే వస్తుంది. పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది జీతం తీసుకోని వాలంటీర్లు, వాళ్ళలో చాలామంది రిటైరైనవాళ్ళు. కొట్టు మీద పడే స్థానిక పన్నులో నూటికి ఎనభై వంతులు మినహాయింపు. దానంగా వచ్చిన వస్తువు అమ్మితే అమ్మకప్పన్ను సున్నా. దీనిపైన గిఫ్ట్ ఎయిడ్ అని ఒకటుంది. ఇచ్చినవాళ్ళు ఆదాయపన్ను కట్టేవాళ్ళయి, కాగితం మీద సంతకం పెడితే, వాళ్ళ వస్తువు అమ్మిన ప్రతి పౌండుకీ ప్రభుత్వం ఇంకో పాతిక పెన్నీలు కలిపి ఇస్తుంది. అందుకే చాలా సీడీల మీద బార్‌కోడ్ ఉన్న చిన్న స్టిక్కర్ ఉంటుంది. ఆ నంబరు వెనక ఒక ఇల్లుంది, ఒక మనిషున్నారు. ఎవరో మనకి తెలీదు. ఒకే నంబరున్న స్టిక్కర్లు ఒకే అరలో ఇరవై కనిపిస్తే మాత్రం ఒకే మనిషి అభిరుచి మన ముందుందని తెలుస్తుంది.

హానోవర్‌లో పుట్టిన పళ్ళెం

1898లో ఎమిల్ బెర్లినర్ తన తమ్ముడితో కలిసి సొంత ఊరు హానోవర్‌లో గ్రామఫోన్ రికార్డుల కంపెనీ పెట్టాడు. అదే డాయిష్ గ్రామఫోన్. దాని పసుపు పట్టీని ఇప్పటికీ ఏ అరలోనైనా దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. 84 ఏళ్ళ తర్వాత, 1982 ఆగస్టు 17న, అదే హానోవర్ పక్కనున్న లాంగెన్‌హాగెన్ ఫ్యాక్టరీలో సీడీల తయారీ మొదలైంది. ఆ రోజు అక్కడికి వచ్చిన అతిథి చిలీ దేశపు పియానో విద్వాంసుడు క్లాడియో అర్రావ్. ఆయన వాయించిన షోపాన్ వాల్ట్జ్‌లే ముందుగా అచ్చయిన సీడీల్లో ఒకటి.

ఫిలిప్స్, సోనీ కలిసి 1980లో ఖాయం చేసిన ప్రమాణంలో సెకనుకి 44,100 నమూనాలు తీసుకోవాలని ఉంటుంది. ఈ వింత అంకె ఎక్కడిదా అని కాలేజీలో సిగ్నల్ ప్రాసెసింగ్ చదివినప్పుడు ఎవరూ చెప్పలేదు. అప్పట్లో అంత డిజిటల్ సమాచారాన్ని నింపగలిగేది వీడియో టేపు ఒక్కటే. యూరప్ పద్ధతి టీవీలో ఒక ఫీల్డుకి వాడుకోగల గీతలు 294, గీతకి 3 నమూనాలు, సెకనుకి 50 ఫీల్డులు. గుణిస్తే 44,100. అమెరికా, జపాన్ పద్ధతిలో 245 గీతలు, 3 నమూనాలు, 60 ఫీల్డులు. అక్కడా 44,100. ఈ అంకెని పుట్టించింది సంగీతం కాదు, టీవీ.

సీడీ 74 నిమిషాలు ఎందుకంటే బీథోవెన్ తొమ్మిదో సింఫనీ మొత్తం ఒకే పళ్ళెంలో పట్టాలని, అని ఒక కథ ఉంది. కారాయాన్ అడిగాడని కొందరంటారు, సోనీలో పెద్దాయన నోరియో ఓగా పట్టుబట్టాడని ఇంకొందరు. ఓగా స్వయంగా బారిటోన్ గాయకుడిగా శిక్షణ పొందినవాడు కాబట్టి నమ్మబుద్ధవుతుంది. కానీ ఆ ప్రమాణం మీద పనిచేసిన ఫిలిప్స్ ఇంజనీరు కీస్ ఇమ్మింక్ రాసినదాంట్లో ఇంత కవిత్వం లేదు. ఫిలిప్స్ వైపు 11.5 సెంటీమీటర్ల పళ్ళేలకి ఏర్పాట్లు జరుగుతున్నాయి, 12 అంటే ఆ ముందంజ పోతుంది, సోనీకి కావలసింది అదే. పైగా మొదట్లో మాస్టర్‌గా వాడిన వీడియో టేపు నిడివి 72 నిమిషాలే. కథలో చెప్పే 74 నిమిషాల తొమ్మిదో సింఫనీ దాంట్లో పట్టేదే కాదు.

కథ అబద్ధమైనా అలాంటి కథే పుట్టడంలో ఒక నిజముంది. ఆ తొలి ఏళ్ళలో సీడీ కొన్నవాళ్ళలో శాస్త్రీయ సంగీతం వినేవాళ్ళది పెద్ద వాటా. సోనీ మొదటి ప్లేయర్ ఖరీదు 1,68,000 యెన్‌లు. అంత పెట్టగలిగేవాళ్ళు, ఎల్పీ రికార్డు మీద గీత పడి మెల్లని చోట టిక్కుటిక్కుమంటే ప్రాణం పోయినట్టు బాధపడేవాళ్ళు, వీళ్ళే. తమ దగ్గరున్న ఎల్పీలన్నిటినీ మళ్ళీ ఒకసారి సీడీల మీద కొన్నదీ వీళ్ళే. ఛారిటీ షాపు అరలో అడుగు పొర వీళ్ళది.

పొరలు

పురావస్తు తవ్వకాల్లో మట్టి పొరల్ని బట్టి కాలం చెప్పినట్టు, ఈ అరల్లోనూ చెప్పొచ్చు. అన్నిటికన్నా పైపొర ఎక్కడికెళ్ళినా ఒకటే. 1989లో నైజెల్ కెనెడీ వాయించిన వివాల్డీ ‘ఫోర్ సీజన్స్’ ఉంటుంది. ఇరవై లక్షలకి పైగా అమ్ముడుపోయిన ఆల్బమ్ అది. 1990 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఫైనల్‌కి ముందు రోజు, జూలై 7న రోములోని కారాకల్లా స్నానశాలల శిథిలాల మధ్య ముగ్గురు టెనర్లు – కారేరాస్, డొమింగో, పవరొట్టీ – పాడిన కచేరీ ఉంటుంది. ఆ రోజు ఆర్కెస్ట్రా ముందు నిలబడ్డది మన బొంబాయి మనిషి జుబిన్ మెహతా. స్పెయిన్‌లో సైలోస్ మఠం సన్యాసుల గ్రెగోరియన్ గానం ఉంటుంది. ఏవో పాత రికార్డింగులు 1990ల మధ్యలో మళ్ళీ విడుదల చేస్తే లక్షల్లో అమ్ముడయ్యాయి. ఆ పక్కనే గొరెట్స్‌కీ మూడో సింఫనీ.

ఈ చివరిదాని గురించి ఒక మాట. పోలండ్ స్వరకర్త హెన్రిక్ గొరెట్స్‌కీ దాన్ని 1976లో రాశాడు. మూడు భాగాలూ నిదానంగా నడిచే శోకమే. రెండో భాగంలో సోప్రానో పాడే మాటలు, యుద్ధకాలంలో గెస్టాపో చెరలో ఉన్న ఒక పద్దెనిమిదేళ్ళ అమ్మాయి జైలు గోడ మీద రాసుకున్నవి. పదిహేనేళ్ళు దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1992లో డాన్ అప్‌షా పాడగా నాన్‌సచ్ లేబుల్ సీడీ వేసింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో లండన్‌లో క్లాసిక్ ఎఫ్ఎమ్ రేడియో మొదలైంది, వాళ్ళు దాన్ని పదేపదే వినిపించారు. పది లక్షలకి పైగా ప్రతులు పోయాయి. బతికున్న స్వరకర్త రాసిన సింఫనీకి అంతటి అమ్మకం అంటే అప్పట్లో ఎవరూ నమ్మని మాట.

ఇప్పుడది ప్రతి రెండో ఛారిటీ షాపులో పౌండుకి దొరుకుతుంది. నాకు తగిలినవాటిలో చాలా ప్రతులు గీత కూడా పడకుండా కొత్తవాటిలా ఉన్నాయి. రేడియోలో రెండు మూడు నిమిషాలు విని కదిలిపోయి కొన్నవాళ్ళు ఇంట్లో దాదాపు గంట సేపు ఆ శోకంతో కూర్చోలేకపోయి ఉంటారు. దాన్ని తప్పు పట్టడానికేం లేదు. మన ఇళ్ళల్లో కొని చదవని పుస్తకాల వరస చూసుకుంటే చాలు. సంగీత చరిత్రల్లో గొరెట్స్‌కీ విజయం అని రాస్తారు. ఆ పది లక్షల మందిలో ఎంతమంది రెండోసారి విన్నారు అన్నది ఏ చరిత్రలోనూ ఉండదు. ఈ అరలో దాని జాడ కొంచెం ఉంటుంది.

లేని దేశాల పేర్లు

కింద పొరల్లోకి వెళ్తే అట్టల వెనక వైపు చదవాలి. 1980ల సీడీల మీద ‘ఏడీడీ’, ‘డీడీడీ’ లాంటి మూడు అక్షరాలుంటాయి. రికార్డింగు, ఎడిటింగు, మాస్టరింగు ఒక్కొక్కటీ అనలాగా డిజిటలా అని చెప్పే గుర్తులు. అప్పట్లో ‘డీడీడీ’ అంటే గొప్ప. ఆ తర్వాత, 1950ల నాటి టేపుల్లో ఉన్న వెచ్చదనం తొలి డిజిటల్ రికార్డింగుల్లో లేదని జనం అనడం మొదలుపెట్టాక ‘ఏడీడీ’కే గిరాకీ వచ్చింది.

పళ్ళెం మధ్య వలయం దగ్గర సన్నటి అక్షరాల్లో ‘మేడ్ ఇన్ వెస్ట్ జర్మనీ’ అని కొన్నింటి మీద ఉంటుంది. 1990 అక్టోబర్ తర్వాత ఆ పేరుతో దేశం లేదు. ఆ మార్పు జరుగుతున్న రోజుల రికార్డింగు కూడా అదే అరలో దొరకొచ్చు. 1989 క్రిస్మస్ రోజున, గోడ కూలిన ఆరు వారాలకి, లెనర్డ్ బెర్న్‌స్టైన్ తూర్పు బెర్లిన్‌లో బీథోవెన్ తొమ్మిదో సింఫనీ నడిపించాడు. షిల్లర్ పాఠంలో ‘ఆనందం’ అన్న చోట ‘స్వేచ్ఛ’ అని పాడించాడు. డాయిష్ గ్రామఫోన్ దాన్ని సీడీగా వేసింది. పది నెలలకి బెర్న్‌స్టైన్ పోయాడు.

నాక్సోస్ సీడీలది ఇంకో రకం భూగోళం. 1987లో హాంగ్‌కాంగ్‌లో ఉంటున్న క్లావుస్ హైమాన్ అనే జర్మన్ వ్యాపారి మొదలుపెట్టిన లేబుల్ ఇది. ఆయన లెక్క సూటిగా ఉంది. కొనేవాళ్ళలో చాలామందికి బీథోవెన్ కావాలి, కారాయానే ఉండక్కర్లేదు. బ్రాటిస్లావా, బుడాపెస్ట్ లాంటి చోట్ల మంచి ఆర్కెస్ట్రాలున్నాయి, పని కావాలి. రాయల్టీ లేకుండా ఒకేసారి ఇంతని ఇచ్చేస్తే పెద్ద కంపెనీల ధరలో సగం కంటే తక్కువకే సీడీ అమ్మొచ్చు. అలాగే అమ్మాడు. తెల్ల అట్ట, మధ్యలో ఒక పాత పెయింటింగు. కళాకారుల పేర్లు ఎవరూ విననివి. హంగరీ పియానిస్టు యెనో యాండో బీథోవెన్ సొనాటాలన్నీ ఆ లేబుల్‌కి వాయించాడు. విమర్శకులు మొదట్లో మొహం చిట్లించారు, తర్వాత మెల్లగా మెచ్చుకున్నారు.

తొలి నాక్సోస్ అట్టల మీద ‘చెకో-స్లొవాక్ రేడియో సింఫనీ ఆర్కెస్ట్రా’ అని ఉంటుంది. 1993 జనవరి 1న ఆ దేశం రెండయింది. అట్ట మీద పేరులో మాత్రం ఇంకా కలిసే ఉంది. ఒక సామ్రాజ్యం కూలిపోతూ ఉంటే అందులోని వాయిద్యకారులు పూటకి ఇంత అని తీసుకుని హాంగ్‌కాంగ్ కంపెనీకి బ్రామ్స్ వాయించారు, ఆ సీడీలు ఇంగ్లండులో అయిదు పౌండ్లకి అమ్ముడయ్యాయి, ఇప్పుడు పౌండుకి దొరుకుతున్నాయి. హైదరాబాదులో సర్వీసెస్ కంపెనీ ఉద్యోగిగా మొదలైన నాకు ఈ ఏర్పాటు మరీ కొత్తగా ఏం అనిపించలేదు.

‘వరల్డ్’ అని రాసిన పక్క అర కూడా వదలకూడదు. పీటర్ గేబ్రియల్ పెట్టిన రియల్ వరల్డ్ లేబుల్ ఇంగ్లండు విల్ట్‌షర్‌లోని బాక్స్ అనే పల్లెలో ఉంది. 1994లో వాళ్ళు వేసిన ‘రామ శ్రీరామ’ అనే సీడీ మీద ఉన్న పేరు యు. శ్రీనివాస్. పాలకొల్లులో పుట్టి మాండలిన్‌ని కర్ణాటక సంగీత వాద్యంగా నిలబెట్టిన మన శ్రీనివాసే. త్యాగరాజుని వాయించిన మనిషి ‘క్లాసికల్’ అరలో ఉండడు. ‘వరల్డ్’ అరలో, సల్సా సీడీలకీ వేణునాద ధ్యానం సీడీలకీ మధ్య ఉంటాడు. సర్దిన వాలంటీర్ని ఏమనగలం? కంపెనీలే అలా విభజించి పంపాయి.

పుస్తకం లాంటి సీడీ

ఈ అరల్లో నేను ఎక్కువగా వెతికింది హైపీరియన్ లేబుల్ కోసం. 1980లో టెడ్ పెరీ అనే ఆయన దీన్ని మొదలుపెట్టాడు. మొదట్లో డబ్బుల కోసం రాత్రిళ్ళు మినీక్యాబ్ నడిపేవాడు. 12వ శతాబ్దపు జర్మన్ సన్యాసిని హిల్డెగార్డ్ రచించిన స్తోత్రాలతో 1980ల మొదట్లో ఒక రికార్డు వేస్తే, అనుకోకుండా అది బాగా అమ్ముడై కంపెనీని నిలబెట్టింది. ఆ డబ్బుతో పెరీ చేసిన పెద్ద పని షూబర్ట్ పాటలన్నీ రికార్డు చేయించడం. షూబర్ట్ బతికింది 31 ఏళ్ళు, రాసిన పాటలు ఆరువందల పైచిలుకు. పియానిస్టు గ్రాహమ్ జాన్సన్ ఒక్కో సీడీకి ఒక్కో గాయకుడినో గాయనినో తీసుకుంటూ 1987లో మొదలుపెట్టి 37 సంపుటాలు చేశాడు.

వాటి బుక్‌లెట్లు చూడాలి. కొన్ని డబ్బాలో దూరడమే కష్టం. ప్రతి పాటకీ మూలం, అనువాదం, ఆ కవి ఎవరు, షూబర్ట్ దాన్ని ఏ రోజుల్లో చదివాడు, ఏ పదం దగ్గర స్వరం ఎందుకు మారింది – అన్నీ జాన్సన్ రాశాడు. చివరికి ఆ రాతలన్నీ పెరిగి 2014లో మూడు సంపుటాల పుస్తకంగా వచ్చాయి. 25వ సంపుటం విల్హెల్మ్ మ్యూలర్ కవితల వరస ‘డి షూనే మ్యూలరిన్’. మ్యూలర్ కవితల్లో కొన్నిటిని షూబర్ట్ పాటలుగా కట్టలేదు. జాన్సన్ ఆ వదిలేసిన కవితల్ని వాటి వాటి స్థానాల్లో చదివించాడు. చదివింది డీట్రిష్ ఫిషర్-డీస్‌కావ్, జీవితమంతా షూబర్ట్ పాడి అప్పటికే పాడటం మానేసిన పెద్దాయన. పాడింది యువకుడు ఇయన్ బోస్ట్రిడ్జ్. కవిత్వానికీ పాటకీ మధ్య ఏం జరుగుతుందో ఇంత తేటగా చూపించిన పాఠం నాకు ఇంకెక్కడా దొరకలేదు.

హైపీరియన్ చాలాకాలం స్ట్రీమింగ్ యాప్‌లలోకి రాలేదు. 2023లో యూనివర్సల్ సంస్థ కొనేశాక వచ్చింది. అప్పటిదాకా తక్కువ డబ్బుతో దాన్ని వినాలంటే లైబ్రరీ, లేకపోతే ఛారిటీ షాపు. ఇప్పుడు ఫోన్‌లో పాటలన్నీ ఉన్నాయి. నేను వాడే యాప్‌లో మాత్రం ఆ రాతలు లేవు. త్యాగరాజ కృతి పెడితే గాయకుడి పేరు వచ్చి, వయొలిన్ ఎవరో మృదంగం ఎవరో చాలాసార్లు రాకపోవడం మనకి తెలిసిందే. ఇదీ ఆ బాపతే.

పేరు లేని పళ్ళెం

ఇక్కడ ఇంజనీర్లకి నచ్చే సంగతి ఒకటుంది. మామూలు ఆడియో సీడీలో పాట పేరు, గాయకుడి పేరు ఉండవు. ట్రాకులు ఎక్కడ మొదలవుతాయన్నది మాత్రం సెకనులో 75వ వంతు కొలతతో రాసి ఉంటుంది. మరి కంప్యూటర్లో పెట్టగానే పేర్లు ఎలా వస్తాయి? ఆ నిడివులన్నీ కలిపి చూస్తే వేలిముద్ర లాగా ప్రతి సీడీకీ దాదాపు వేరుగా ఉంటాయి. ఈ వేలిముద్రల పట్టికని 1990లలో సీడీడీబీ అనే పేరుతో మొదలుపెట్టారు. సీడీ కొన్న మామూలు జనమే పేర్లు టైపు చేసి నింపారు. తర్వాత అది గ్రేస్‌నోట్ అనే వ్యాపార సంస్థ అయింది.

జాయిస్ హాటో అనే ఇంగ్లీషు పియానిస్టు 2006లో చనిపోయింది. చాలా ఏళ్ళుగా జబ్బుతో ఉండి, వేదిక ఎక్కకుండానే, వందకి పైగా సీడీలు ఇచ్చిందని పేరు. అవి వేసింది ఆమె భర్త విలియమ్ బారింగ్టన్-కూప్ నడిపే చిన్న లేబుల్. విమర్శకులు ఆకాశానికెత్తారు. 2007 ఫిబ్రవరిలో ఒక శ్రోత ఆమె వాయించిన లిస్ట్ ఎట్యూడ్‌ల సీడీని కంప్యూటర్లో పెడితే ఐట్యూన్స్ వేరే పేరు చూపించింది: లాస్లో సైమన్. ‘గ్రామఫోన్’ పత్రిక ఆరా తీయించింది. ధ్వని తరంగాలు పోల్చి చూస్తే నిజంగానే అది సైమన్ రికార్డింగు. ఒకటి తర్వాత ఒకటి మిగతావీ బయటపడ్డాయి, కొన్ని వేగం మార్చి పెట్టినవి. చివరికి భర్త ఒప్పుకున్నాడు, భార్య కోసమే చేశానన్నాడు. దశాబ్దాల అనుభవమున్న చెవులు పట్టుకోలేనిది, ఎవరెవరో వాలంటీర్లు టైపు చేసిన పట్టిక పట్టుకుంది.

సీడీకి చావు లేదనీ అప్పట్లో ప్రచారం చేశారు. 1988–93 మధ్య లాంకషర్ బ్లాక్‌బర్న్‌లోని పీడీవో ఫ్యాక్టరీలో అచ్చయిన కొన్ని సీడీలు అంచుల నుంచి కంచు రంగుకి తిరిగి పాడైపోయాయి. హైపీరియన్‌వి కూడా అందులో ఉన్నాయి. పైపూత సరిగా ఆగక, బుక్‌లెట్ కాగితంలోని గంధకం లోపలి లోహాన్ని తినేసింది. అంటే కొన్నిటి విషయంలో, పాటని వివరించే కాగితమే పాటని తినేసిందన్నమాట. అందుకే కొనేముందు డబ్బా తెరిచి, పళ్ళెం లైటుకి ఎత్తి చూసుకోవాలి.

ఒకేసారి వచ్చే సీడీలు

వాలంటీర్లు చెప్పకపోయినా కొన్నాళ్ళకి మనకే తెలిసిపోతుంది. మంచి సీడీలు విడివిడిగా రావు. ఒక వారం ఏమీ ఉండదు. తర్వాతి వారం అరలో అన్నీ ఉంటాయి: బ్రూక్నర్ సింఫనీలు వరసగా, క్వార్టెట్లు వరసగా. ఇల్లు ఖాళీ చేశారని అర్థం. ఎవరో చనిపోయారు, లేదా వృద్ధాశ్రమానికి వెళ్ళారు. పిల్లలు వేరే ఊళ్ళో ఉంటారు, వాళ్ళకి ఇవన్నీ పెట్టుకునే చోటు లేదు. నా శనివారపు సంతోషానికి అటు చివర ఒక శోకం ఉంది. అబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు కొనేవాళ్ళకి, ఎవరో లెక్చరర్‌గారి సంతకంతో పాతిక పుస్తకాలు ఒకే గుట్టలో కనిపించినప్పుడు ఇలాంటి ఇబ్బందే కలుగుతుంది.

అలాంటి ఒక వారం నాకు హైపీరియన్ షూబర్ట్ దొరికింది. ఒకటో సంపుటం నుంచి ఇరవై రెండు దాకా ఒక్కటీ తప్పకుండా, అన్నిటి మీదా ఒకే నంబరు స్టిక్కర్. బుక్‌లెట్లలో అక్కడక్కడా సన్నటి పెన్సిల్ టిక్కులు. ఒక దాంట్లో పత్రిక నుంచి కత్తిరించిన సమీక్ష మడతపెట్టి ఉంది. ఇరవై మూడు నుంచి లేవు. కౌంటర్‌లో ఉన్న పెద్దావిడని అడిగాను, వచ్చినవి ఇవే అంది. 1987 నుంచి వచ్చిన ప్రతి సంపుటాన్నీ కొన్న మనిషి 1990ల మధ్యలో ఎందుకు ఆపేశారు? చూపు పోయిందో, చెవి పోయిందో, ఇంట్లో పక్కన కూర్చుని వినే మనిషే పోయారో. సీడీలు మాత్రం ఇంకో పాతికేళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నాయి.

ఈ కథ నాకు తెలియడానికి కారణం అవి వస్తువులు కావడమే. కొన్న వస్తువుని ఇంకొకరికి ఇచ్చే, అమ్మే హక్కు కొన్నవాళ్ళది. పాత పుస్తకాల కొట్లు, ఛారిటీ షాపులు నడిచేది దాని మీదే. డిజిటల్ ఫైళ్ళకి అది వర్తించదని అమెరికాలో 2013లో, మళ్ళీ 2018లో అప్పీల్ కోర్టులో తీర్పొచ్చింది. రీడిజీ అనే కంపెనీ వాడేసిన ఐట్యూన్స్ పాటల్ని తిరిగి అమ్మే ఏర్పాటు చేస్తే, ఫైలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్ళడం అంటేనే కొత్త నకలు తయారవడం, అది కుదరదు అన్నారు. స్ట్రీమింగ్‌లో అయితే ఆ ప్రశ్న కూడా లేదు, మనం కొన్నదేం లేదు కాబట్టి. నేను పదేళ్ళుగా పెట్టుకున్న ప్లేలిస్టులు నాతో పాటే పోతాయి. అందులో నేను ఏ పాట దగ్గర ఆగిపోయానో ఒక కంపెనీ సర్వర్‌కి తెలుస్తుంది. శనివారం పూట నేల మీద కూర్చుని వెతుక్కునే ఇంకో కుర్రాడికి తెలియదు.

సీడీలు తీసుకోవడం మానేసిన కొట్లు కూడా కొన్ని కనిపించాయి. ఆ తరం వెళ్ళిపోతోంది, కొనే మేమూ తక్కువే. ఇంకో పదిహేనేళ్ళకి ఆ మూరెడు జాగా వేరే సరుక్కి పోతుంది.

25వ సంపుటం నాకు ఇంకో ఊళ్ళో, వేరే సంస్థ కొట్లో దొరికింది. స్టిక్కర్ నంబరు వేరు, ఇల్లు వేరు. తెచ్చి ఆ ఇరవై రెండింటి పక్కన పెట్టాను. ఉద్యోగం మారి హైదరాబాదుకి తిరిగొచ్చినప్పుడు బట్టలు తగ్గించుకుని అవన్నీ మోసుకొచ్చాను. పెన్సిల్ టిక్కులున్న పాటలు ముందు వింటున్నాను, ఒక్కో సంపుటం చొప్పున. 23, 24 ఇంకా దొరకలేదు.